ఆయన పేరు మీద రాసిన మందు

నేను సిగరెట్ మానేసి మూడేళ్ళు దాటింది. మామూలుగా అయితే ఇది నలుగురికీ చెప్పుకుని మురిసిపోవలసిన విషయం. మా ఆయన వారం రోజులు మానేసినందుకే అమెరికాలో మేముండే ఇర్వింగ్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్ళందరూ ఫోన్లు చేసి అభినందించారు. నన్ను ఎవరూ అభినందించలేదు. మానేశానని చెప్పాలంటే ముందు తాగేదాన్నని చెప్పాలి కదా. మనలో ఒక ఆడమనిషి ఆ మాట చెప్పాక జనం మానేసిన సంగతి పట్టించుకోరు, తాగిన సంగతి మాత్రం వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళ దాకా మోసుకుపోతారు.

నేను సిగరెట్ సరదాకి నేర్చుకోలేదు, ఉద్యోగం కోసం నేర్చుకున్నాను. మాస్టర్స్ అయిపోయి ఇక్కడే మొదటి కాంట్రాక్ట్‌లో చేరినప్పుడు నేను టెస్టర్‌ని. అంటే మిగతావాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా పని. పట్టిన తప్పులన్నీ రాసుకుని మధ్యాహ్నం మీటింగ్‌కి వెళితే అక్కడ అప్పటికే అన్నీ తేలిపోయి ఉండేవి. ఏది ముందు సరిచేయాలి, ఏది వదిలేయాలి, ఎవరి కాంట్రాక్ట్ పొడిగించాలి, అన్నీ ఆఫీసు వెనక తలుపు దగ్గర మేనేజరూ టీమ్ లీడూ ఇద్దరు డెవలపర్లూ నిలబడి పొగ తాగుతూ తేల్చేసేవారు. నేను మీటింగ్‌లో నోరు తెరిస్తే, అది బయట మాట్లాడుకున్నాం కదా అనేవారు. రెండు నెలలు చూశాను. మూడో నెల నేనూ ఆ తలుపు తోసుకుని బయటికి వెళ్ళాను. ఊరికే నిలబడితే వింతగా చూస్తున్నారని, ఎవరో ఇస్తే ఒకటి తీసుకున్నాను. నెల తిరిగేసరికి నేను పట్టిన తప్పులు సరిచేయడం మొదలుపెట్టారు, కాంట్రాక్ట్ కూడా పొడిగించారు. తరవాత ఆ ప్రాజెక్ట్ పోయింది, ఆ మేనేజర్ ఎక్కడున్నాడో తెలియదు, సిగరెట్ మాత్రం నాతోనే ఉండిపోయింది.

ఆ మధ్యలోనే ఇండియా వెళ్ళినప్పుడు పెళ్ళి కుదిరింది. సంబంధం తెచ్చినాయన అబ్బాయి గురించి దాచకుండా ఒక విషయం చెప్పారట. చిన్న అలవాటుంది, సిగరెట్, అంతే, పెళ్ళయ్యాక అమ్మాయే మాన్పించుకుంటుంది అని. ఇంట్లో అందరూ నావైపు చూసి నవ్వారు. మా అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, తొందరపడి సాధించకు, మెల్లగా దారికి తెచ్చుకో అని బుద్ధి చెప్పింది. ఆ పూట నేను యాలక్కాయలు నములుతూ తల వంచుకుని విన్నాను. అమెరికా నుంచి వచ్చిన నా హ్యాండ్‌బ్యాగ్‌లో అప్పటికి సగం పెట్టె ఉంది.

మగవాడి సిగరెట్ అలవాటు. ఆడదాని సిగరెట్ తిరుగుబాటో బరితెగింపో అయి కూర్చుంటుంది. నాది రెండూ కాదు, నాదీ అలవాటే. కానీ ఆ ముక్క ఎవరికని చెప్పను?

పెళ్ళయ్యాక దాచడం నేననుకున్నంత కష్టం కాలేదు. ఆయన ఇంటి వెనక పాటియో మీద కూర్చుని తాగేవారు. సోఫాకీ కర్టెన్లకీ రెండు కార్లకీ ఆయన వాసనే. దాని చాటున నా వాసన ఎవరికీ పట్టలేదు. నేను రోజుకి మూడో నాలుగో, ఇండియన్ గ్రోసరీ కొట్టు పార్కింగ్‌లో ఆ చివర కార్ ఆపుకుని కానిచ్చేదాన్ని. దుపట్టా ఉంటే తీసి వెనక సీట్లో పడేసేదాన్ని, చేతికి హ్యాండ్ లోషన్, నోట్లో సోంపు. నా దగ్గర అయిపోతే ఆయన పెట్టెలోంచి ఒకటి లాగేదాన్ని. ఆయన ఎప్పుడూ చూసుకునేవారు కాదు. మనుషుల ముందు మాత్రం, ఎప్పుడు మానేస్తారో ఏమో అని నిట్టూర్చేదాన్ని. ఆ నిట్టూర్పు నాకు బాగా కుదిరింది, పద్నాలుగేళ్ళు దాని మీదే నెట్టుకొచ్చాను.

అప్పుడు ఆయనకి దగ్గు పట్టుకుంది. పొద్దున్న లేస్తూనే మొదలై, బ్రష్ చేసుకునేంతసేపూ ఆగేది కాదు. మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. స్కూల్లో మెట్లెక్కుతూ వాళ్ళ నాన్న మధ్యలో రెండుసార్లు ఆగి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటించారని ఇంటికొచ్చి చెప్పింది. మా ఫ్యామిలీ డాక్టర్ గుజరాతీ ఆవిడ, ముక్కుసూటి మనిషి. గొట్టంలోకి ఊదించి పరీక్ష చేసింది. నలభై ఆరేళ్ళ మనిషివి, ఊపిరితిత్తులు మాత్రం అరవై దాటిన మనిషివిలా ఉన్నాయి అంది. పాడైనంత మేరకి పాడైంది, అది వెనక్కి రాదు, కానీ ఇప్పుడు మానేస్తే ఇక్కడితో నిలబెట్టచ్చు, మానకపోతే పదేళ్ళ తరవాత ఆక్సిజన్ సిలిండర్‌తో తిరగాల్సి వస్తుంది అంది. ఆయన తిరిగొచ్చేటప్పుడు హైవే మీద రేడియో పెట్టలేదు. అంతకు ముందు ఎప్పుడూ అలా లేరు.

అంతకుముందు ఒకసారి ఆయన వేప్, అదే ఎలక్ట్రానిక్ సిగరెట్, కొనుక్కున్నారు. గ్యాస్ స్టేషన్ కౌంటర్లో అమ్ముతారే, మామిడిపండు వాసన వచ్చేది. దానివల్ల సిగరెట్ మానలేదు, సిగరెట్టూ అదీ రెండూ పట్టుకున్నారు. ఆ సంగతి చెబితే డాక్టర్, దాన్ని అవతల పారేయండి, నేను రాసిచ్చేది వేరు అంది. అది చీటీ మీద ఇచ్చే నికోటిన్ ఇన్‌హేలర్. వేలంత పొడుగున తెల్లటి ప్లాస్టిక్ గొట్టం, లోపల కార్ట్రిడ్జ్ పెట్టుకుని పీల్చాలి. పొగ రాదు, ఆవిరి రాదు, వెలగదు. గొంతులో కాస్త పుదీనా ఘాటు తగులుతుంది, అంతే. చేతికీ నోటికీ పని ఉంటుంది, ఒంటికి కావలసిన నికోటిన్ కొద్దిగా అందుతుంది. మొదట్లో కోరిక పుట్టినప్పుడల్లా పీల్చి, తరవాత తరవాత తగ్గించుకుంటూ పోవాలి. అప్పుడది ఇంకా దొరికేది. ఈ మధ్య తయారు చేయడం ఆపేశారని విన్నాను.

ఆయన ఏదీ గుట్టుగా చేసే మనిషి కాదు. మానేస్తున్నానని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. పాటియో మీద కుర్చీ తీసి గరాజ్‌లో పడేశారు. కర్టెన్లు డ్రై క్లీనింగ్‌కి ఇచ్చారు, రెండు కార్లూ లోపల కడిగించారు. మా అమ్మాయి అయితే పోలీసు ఉద్యోగం తీసుకుంది. రోజూ సాయంత్రం ఆయన లోపలికి రాగానే, నాన్నా ఆగు, స్మెల్ చెక్ అని చొక్కా వాసన చూసి, పాస్ అని చెప్పి అప్పుడు వదిలేది. నన్ను కూడా చూడమని ఆయన ఒకరోజు వేళాకోళం చేస్తే, ‘‘అమ్మకి అక్కర్లేదు, అమ్మ కదా,’’ అంది. ఫోన్లు చేసినవాళ్ళందరూ చివర్లో నాకిమ్మని అడిగి, ఇదంతా నీ ఓర్పు వల్లే అని నన్ను పొగిడేవారు.

నా పాట్లు అక్కడే మొదలయ్యాయి. ఇల్లు కడిగిన పళ్ళెంలా అయిపోయింది, ఎక్కడా పొగ వాసన లేదు. ఇక నేను ఒక్కటి తాగొచ్చినా తెలిసిపోతుంది. రెండు వారాలు తిరగకుండానే తెలిసింది కూడా. అమ్మాయిని డాన్స్ క్లాసుకి తీసుకెళుతుంటే సీట్ బెల్ట్ పెట్టుకుంటూ ముక్కు ఎగబీల్చి, ‘‘అమ్మా, నాన్న నీ కార్‌లో తాగారా?’’ అంది. పాత వాసన అయ్యుంటుంది, కడిగినా అంత త్వరగా పోదు అన్నాను. అది వినలేదు. ఆ సాయంత్రం వాళ్ళ నాన్నని నిలబెట్టి అడిగింది. ఆయన తాగలేదన్నారు, ఒట్టు వేశారు, పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టబోయారు. నేను స్టవ్ దగ్గర నిలబడి పప్పు తాలింపు వేసుకుంటూ, పోనీలే, ఒక్కటేగా, రేపటినించి జాగ్రత్తగా ఉంటారులే అన్నాను. ఆయన నావైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. కోపం కాదు. నేను కూడా నమ్మలేదని బాధ.

ఆ మర్నాటినించి నేను కూడా మానేయాలని నిశ్చయించుకున్నాను. నా ఆరోగ్యం కోసమని చెబితే అబద్ధం, దొరికిపోతానన్న భయంతో. చీటీ లేకుండా కొట్లో దొరికే నికోటిన్ గమ్ తెచ్చుకుని నమిలాను. ఎక్కిళ్ళు ఆగక ఆఫీస్ కాల్‌లో మ్యూట్ పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. నోరు ఆడుతోంది గాని చెయ్యి ఖాళీగా ఉంది, ఆ ఖాళీ చెయ్యి నన్ను చంపేసింది. డాక్టర్ దగ్గరికి వెళ్ళి నాక్కూడా రాసివ్వమని అడగచ్చు. ఆవిడ మా ఇద్దరికీ డాక్టర్. ఇన్సూరెన్స్ ఆయన కంపెనీది, ఏ మందు ఎవరికి ఇచ్చినా కాగితం ఆయన పేరు మీద ఇంటికొస్తుంది. ఫార్మసీ కౌంటర్లో ఉండే అమ్మాయి మా అమ్మాయి డాన్స్ టీచర్‌కి మేనకోడలు. ఈ మూడు గడపలూ దాటి ఆ మందు నా చేతికి వచ్చేలోపు ఊరంతా తెలుస్తుంది.

ఆయన పెట్టె మాత్రం మా బాత్రూమ్ అలమరలో ఉంది.

మా ఇళ్ళల్లో మందుల మీద పేరుండదు. ఇండియా నుంచి ఎవరొచ్చినా సూట్‌కేసులో ఒక మూల మాత్రల షీట్లు తెస్తారు. జ్వరానివి, విరేచనాలవి, గొంతునొప్పివి, అన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో పోస్తాం. ఆయనకి డాక్టర్ రాసిన యాంటీబయాటిక్ మూడు మిగిలితే నేను వేసుకుంటాను. నాకు రాసిన కళ్ళ చుక్కలు ఆయన వేసుకుంటారు. పక్కింటి తెలుగావిడ మెడనొప్పికి మా ఇంట్లోంచి నాలుగు మాత్రలు పట్టుకెళుతుంది. ఇక్కడి డాక్టర్లు వింటే గుండె పట్టుకుంటారు. కానీ మేము అలాగే పెరిగాం, ఒకరి మందు ఒకరు వాడుకోవడం మాకు ఒకరి కంచంలోంచి ఒక ముద్ద తీసుకున్నంత మామూలు. అందుకని ఒక మధ్యాహ్నం ఆయన ఆఫీస్‌కి వెళ్ళాక, రెండో పెట్టెతో అదనంగా వచ్చిన గొట్టం తీసి, ఒక కార్ట్రిడ్జ్ పెట్టి పీల్చినప్పుడు నాకు దొంగతనం చేస్తున్నానని అనిపించలేదు. ప్రాణం లేచొచ్చిందని మాత్రం అనిపించింది.

రోజుకి ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. వాడేసిన కార్ట్రిడ్జ్‌లు కాగితంలో చుట్టి గ్రోసరీ కొట్టు బయట చెత్తబుట్టలో వేసేదాన్ని. ఆయన ఒకరోజు కార్ట్రిడ్జ్‌ల ట్రే చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. నిన్న ఈ వరస నిండుగా ఉన్నట్టు గుర్తు, ఇన్ని ఎప్పుడు వాడానంటావు అన్నారు. నేను చేసిన పనులన్నిటిలోకీ ఇది నీచమైనది, అందుకని అన్న మాట అన్నట్టే రాస్తున్నాను.

‘‘మీటింగుల్లో టెన్షన్‌లో లాగేస్తుంటారు. మీకు తెలియదు, నేను చూస్తున్నాగా,’’ అన్నాను.

నమ్మేశారు. అప్పటికి ఆయన నలభై రోజులుగా ఒక్క సిగరెట్ ముట్టని మనిషి. పొద్దున్న దగ్గు సగానికి సగం తగ్గింది. నేనన్న ఆ మాటతో తన మీద తనకే అనుమానం పుట్టింది. నాకు తెలియకుండానే నా చెయ్యి వెళుతోందంటే ఇంకేం మానతాను అని రెండుమూడుసార్లు నాతోనే అన్నారు. నేను వంట చూసుకున్నాను.

తరవాత డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన అంతా ఒప్పేసుకున్నారు. మందు తగ్గించాల్సింది పోయి ఎక్కువ వాడేస్తున్నానని, గుర్తుకూడా ఉండట్లేదని, చేతులు కట్టుకుని స్కూలు పిల్లాడిలా చెప్పారు. ఆవిడ కోప్పడలేదు. నావైపు తిరిగి, పెట్టె నువ్వు పెట్టుకో, రోజుకి ఇన్నని నువ్వే తీసి ఇవ్వు, ఇంట్లో ఒకరి మీద ఆధారపడితే మానడం తేలిక అంది. నేను సరేనని తలూపాను. ఇంటికొచ్చాక ఆయన పెట్టెలన్నీ తెచ్చి నా బట్టల అలమరలో పెట్టి, చెయ్యి దులుపుకున్నారు. ఆ దులుపుకోవడంలో ఆయనకెంత నిశ్చింతో.

ఇక రోజూ పొద్దున్న ఆయన నా ముందు చెయ్యి చాపేవారు, నేను తీసి ఇచ్చేదాన్ని. డాక్టర్ చెప్పినన్ని ఇస్తే నాకు మిగలవు. అందుకని రెండు తగ్గించి ఇచ్చేదాన్ని. త్వరగా తగ్గిస్తే త్వరగా బయటపడతారు అని చెప్పేదాన్ని. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆఫీస్ నుంచి మెసేజ్ వచ్చేది, చాలా కష్టంగా ఉంది, సాయంత్రం వచ్చాక ఇంకొకటి ఇస్తావా అని. ఆ మెసేజ్ చదువుతూ నేను ఆయనది పీల్చుకుంటూ కూర్చునేదాన్ని. రాయడానికే సిగ్గేస్తోంది. అప్పుడు సిగ్గేయలేదు, నాకు కావలసింది నా చేతిలో ఉంది, అంతవరకే నా బుర్ర పనిచేసింది.

అయినా అంచనా తప్పింది. ముందు నెలలో ఇద్దరం వాడిన వాడకానికి మందు అయిపోయింది. ఫార్మసీకి వెళితే ఇవ్వలేదు. ఒక పెట్టె ఇన్ని రోజులకని ఇన్సూరెన్స్ వాళ్ళ లెక్క ఉంటుంది, ఆ గడువు రాకముందే అడిగితే కంప్యూటర్ ఒప్పుకోదు. ఇంకా పన్నెండు రోజులు ఆగమన్నారు. ఆయన కౌంటర్ దగ్గరే నిలబడి డాక్టర్ ఆఫీస్‌కి ఫోన్ చేశారు. వాళ్ళు ఇన్సూరెన్స్‌కి రాస్తాం, ఈలోగా నికోటిన్ పట్టీలు అంటించుకోండి అన్నారు. అంటించుకుంటే భుజమంతా ఎర్రగా దద్దురెక్కింది. రెండో రోజు పీకేశారు. మూడో రోజు ఆఫీస్‌లో ఎవరి మీదో అరిచి, సారీ చెప్పి వచ్చారు. నాలుగో రోజు అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి అలాగే ఉండిపోయారు, చేతివేళ్ళు వణుకుతున్నాయి. నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నించారు.

ఆ రోజున నా లాప్‌టాప్ బ్యాగ్‌లో, ఆయన ఎప్పుడూ తెరవని శానిటరీ ప్యాడ్ల పాకెట్‌లో, పందొమ్మిది కార్ట్రిడ్జ్‌లు ఉన్నాయి.

పందొమ్మిది. పొదుపుగా వాడితే ఆయన మిగిలిన ఎనిమిది రోజులు గట్టెక్కేవారు. ఎక్కడో అడుగున దొరికాయని అబద్ధం చెప్పి ఇచ్చేయచ్చు. అన్ని అబద్ధాలు ఆడినదాన్ని, ఆ ఒక్కటి ఆడితే నా సొమ్మేం పోయేది? అవి ఇచ్చేస్తే నాకు ఉండవు, అంతే. నాకు ఉండకపోతే నేను మళ్ళీ పార్కింగ్‌లోకి వెళతాను, అమ్మాయి ముక్కుకి దొరుకుతాను. ఆయన వణికే చేతుల్ని చూస్తూ ఈ లెక్కంతా వేసుకున్నాను. తరవాత లేచి మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఇంకెంత, ఎనిమిది రోజులేగా అన్నాను.

అయిదో రోజు సాయంత్రం ఆయన వచ్చి, గుమ్మంలోనే నిలబడి, చెక్ చేయనక్కర్లేదు తల్లీ అని అమ్మాయితో అన్నారు. సిగరెట్ కోసం గ్యాస్ స్టేషన్‌లో ఆగారట. అయినా అది దగ్గరికి వచ్చి చొక్కా వాసన చూసింది. మేడ మీదికి వెళ్ళిపోయి గది తలుపు వేసుకుంది. ఆయన బూట్లు విప్పకుండా మెట్ల మీద కూర్చుని, నా వల్ల కాదే, నాకా శక్తి లేదు, నువ్వు ఇంత చేసినా నేను నిలబడలేకపోయాను అని కళ్ళు తుడుచుకున్నారు. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. ఆ చెయ్యి నాకే అసహ్యంగా అనిపించింది, కానీ తీయలేదు.

పన్నెండో రోజున కొత్త పెట్టె వచ్చింది. ఆయన దాన్ని తెరవలేదు. నాలాంటివాడికి అది దండగ, తిరిగి ఇచ్చేయ్ అన్నారు. ఇచ్చేశానని చెప్పాను. ఆ పెట్టె మొత్తం నేనే వాడాను, డాక్టర్ ఆయనకి చెప్పినట్టు, ముందు ఎక్కువగా, తరవాత కొద్ది కొద్దిగా తగ్గించుకుంటూ. మందు అద్భుతంగా పనిచేసింది. ఎండాకాలం అయ్యేసరికి నాకు సిగరెట్ మాటే గుర్తొచ్చేది కాదు. అప్పటికి ఆయన కుర్చీ గరాజ్ నుంచి మళ్ళీ పాటియో మీదికి వచ్చేసింది.

తరవాత ఆయన మళ్ళీ ప్రయత్నించలేదు. ఎవరైనా కదిపితే, నాకు విల్ పవర్ లేదండీ, తేలిపోయింది అని తనే ముందు నవ్వేవారు. నికోటిన్ గమ్ చూపించినా, వేరే మాత్రలు రాస్తానని డాక్టర్ అన్నా, వద్దనేశారు. నేను ఆయన మందు ఒక్కటే తీసుకున్నాననుకున్నాను. మానగలనన్న నమ్మకం కూడా దానితోపాటే పోయింది.

మొన్న వసంతంలో మళ్ళీ ఊదించి పరీక్ష చేశారు. డాక్టర్ ఈసారి పదేళ్ళు అనలేదు. రెండు రకాల ఇన్‌హేలర్లు రాసింది, ఊపిరి ఆడటానికి. ఇంట్లో ఇంకెవరైనా స్మోక్ చేస్తారా అని ఫారం నింపుతూ అడిగితే, ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, నో నో, మై వైఫ్ నెవర్ అన్నారు. ఆ గొంతులో ఎంత గర్వమో. మూడేళ్ళుగా గొంతులో ఉన్న మాట అప్పుడింక లోపల ఆగలేదు.

క్లినిక్ పార్కింగ్‌లో కార్ స్టార్ట్ చేయకుండా అంతా చెప్పాను. మొదటి ఆఫీస్ వెనక తలుపు నుంచి మొదలుపెట్టి, గ్రోసరీ కొట్టు పార్కింగ్, అమ్మాయి పట్టుకున్న వాసన, రెండో గొట్టం, ప్యాడ్ల పాకెట్‌లో పందొమ్మిది. స్టీరింగ్ వైపు చూస్తూ చెప్పాను, మొహంలోకి చూడలేక. మీరు ఓడిపోలేదు, మీ మందు నేను తిన్నాను, ఇప్పుడైనా మళ్ళీ మొదలుపెట్టండి, మీ వల్ల అవుతుంది అన్నాను. కొడతారేమో అనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. తల తిప్పి చూస్తే ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది.

‘‘నన్ను మళ్ళీ మానిపించడానికి ఇంత కథ అల్లావా? పిచ్చిదానా. నువ్వేంటి, సిగరెట్ ఏంటి?’’ అన్నారు.

నిజమన్నాను. ఒట్టు వేశాను. బ్రాండ్ పేరు చెప్పాను. ఎలా పట్టుకుంటానో వేళ్ళతో చూపించాను. ఆయన ఇంకా నవ్వారు, నన్ను చూసే నేర్చుకున్నావులే అన్నారు. నాలాంటివాడికోసం నీ మీద నువ్వు ఇలాంటివి వేసుకోకు, ఎవరైనా వింటే బాగోదు అని నా తల మీద చెయ్యి వేసి నిమిరారు. అప్పుడు నాకు ఆయన మీద మొదటిసారి నిజంగా కోపం వచ్చింది. పద్దెనిమిదేళ్ళు పక్కన పడుకున్న మనిషికి నేను తాగగలనన్న ఊహే లేదు. నన్ను దేవుడి గూట్లో పెట్టేసి తలుపు మూశారు, లోపల ఏముందో చూడాలని కూడా లేదు.

రెండు వారాల తరవాత ఆదివారం తెలిసినవాళ్ళింట్లో భోజనాలకి వెళ్ళాం. అందరూ ప్లేట్లు పట్టుకుని కూర్చున్నాక ఆయన ఆ కథ చెప్పారు. మా ఆవిడ నన్ను మానిపించడానికి ఏం చెప్పిందో తెలుసా అని మొదలుపెట్టి, నేను కార్‌లో చెప్పినదంతా, ప్యాడ్ల పాకెట్ మాత్రం వదిలేసి, నవ్విస్తూ చెప్పారు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. వరంగల్ నుంచి వచ్చిన ఆయన స్నేహితుడు, ‘‘అన్నా, మస్తు లక్కీ ఉన్నవ్ నువ్వు. వదిన లాంటోళ్ళు ఎవరికి దొరుకుతరే?’’ అన్నాడు. ఆడవాళ్ళు నావైపు తిరిగి మెచ్చుకోలుగా చూశారు. నేను కూడా నవ్వాను, ఇంకేం చేయను.

భోజనం అయ్యాక ఆయన అద్దం తలుపు తీసుకుని వాళ్ళ పెరట్లోకి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను. ఆయన ఒకటి వెలిగించుకుని, రెండు దమ్ములు లాగి, దగ్గుతూ కంచె పట్టుకుని నిలబడ్డారు. దగ్గు ఆగేదాకా ఆగి, నేను చెప్పింది అబద్ధం కాదు, ఒక్కసారి నా మొహం చూసి వినండి అన్నాను. ఆయన నా మొహం చూడలేదు. సిగరెట్ ఉన్న చెయ్యి నాకు దూరంగా అవతలికి చాచి, రెండో చేత్తో నన్ను మెల్లగా పక్కకి తోశారు.

‘‘కొంచెం అవతల నిలబడు. నీకు అలవాటు లేదు, ఈ పొగ నీకు పడదు,’’ అన్నారు.

నేను జరిగి నిలబడ్డాను.